దాటిపోయిన మూడు బుధవారాలు

నేను ల్యాబ్‌లో పని చేస్తానంటే మా ఊళ్లో సగం మంది నన్ను డాక్టరమ్మ అనుకుంటారు, మిగతా సగం మంది సీసాలు కడిగే మనిషి అనుకుంటారు. రెండూ కాదు. మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ని. కఫంలోనో, రక్తంలోనో, చీములోనో దాక్కున్న సూక్ష్మజీవి ఏదో కనిపెట్టి చీటీ మీద రాసివ్వడం నా పని. పద్దెనిమిదేళ్లుగా పొద్దున్నే లేచి ఊరందరి ఉమ్ము చూస్తున్నాను. అలవాటైపోయింది. దాని పక్కనే టిఫిన్ డబ్బా మాత్రం పెట్టుకోను, అంతవరకూ బుద్ధుంది.

నేను చేరిన కొత్తలో ఈ పని ఎంత నిదానమో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. రోగి ఇచ్చింది గాజు పళ్లెంలో పూసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, అది మొలిచేదాకా కాచుకుని ఉండాలి. కొన్ని రెండు రోజుల్లో మొలుస్తాయి, క్షయ పురుగైతే నెల దాటినా తల ఎత్తదు. ఒకసారి టమాటా మార్కెట్ నుంచి ఒక రైతు వరసగా నాలుగు రోజులు వచ్చాడు. రోజూ కిటికీలోంచి తల పెట్టి, "ఏమ్మా, నాది మొలిసినాదా?" అని అడిగేవాడు. లేదప్పా, రేపు రా అనేదాన్ని. నాలుగోరోజు ఆయనకు మండింది. "మా టమాటా నారు గూడా ఇంత సతాయించదమ్మా. నీళ్లు పెట్నావా లేదా దానికి?" అన్నాడు. ల్యాబంతా నవ్వులే నవ్వులు.

తర్వాత మిషన్ వచ్చింది. కఫాన్ని మందులో కలిపి, చిన్న డబ్బీలో పోసి, ఆ డబ్బీని లోపల పెట్టి తలుపు మూస్తే చాలు. రెండు గంటల్లో క్షయ ఉందో లేదో, ఉంటే మందుకు లొంగుతుందో లేదో తెర మీద వచ్చేస్తుంది. నెల పట్టే పని రెండు గంటల్లో! నాకు ఎంత పొగరొచ్చిందంటే, ఆ మిషన్‌ని నేనే కనిపెట్టినట్టు మాట్లాడేదాన్ని. ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీ కంటే ముందు మిషన్ కథ అందేది. మా ఆయన మెల్లగా లేచి బయటికి పోయేవాడు.

ఆ పొగరుతోనే సెలవుల్లో పుట్టింటికి పోయేదాన్ని. మా పుట్టిల్లు పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఒక చిన్న పల్లె. మా అమ్మకు నలభై గొర్రెలున్నాయి. మా వైపు పిల్లల టీకాలు బుధవారం వేస్తారు. నర్సమ్మ సంచీ భుజాన వేసుకుని వచ్చి కూర్చుంటే సగం మంది తల్లులు చేన్లోకి జారుకుంటారు. అదే పశువుల డాక్టరు వానల ముందు, గొర్రెల్ని ఉన్నట్టుండి చంపేసే చిటుక రోగానికి సూది వేయడానికి వస్తే మంద మందంతా వరసలో నిలబడుతుంది. నాకు ఒళ్లు మండేది. "గొర్రె పోతే ఏడుస్తారే, బిడ్డ గొర్రె పాటి చెయ్యదా మీకు?" అని ఇల్లిల్లూ తిరిగి తిట్టేదాన్ని. ఎదురింటి కోడలు ఒకసారి నవ్వి, "గొర్రెకు సూదేస్తే తెల్లార్లూ ఏడ్సదు గదక్కా" అంది. అదీ నిజమే. అయినా తిట్టాను. నేను తిడితే కొందరు భయపడి వెళ్లేవాళ్లు కూడా. మా అమ్మ గడపలో కూర్చుని, "దీని నోటికి ఆ పురుగులు గూడా పారిపోతాయి" అనేది.

ఇంత మాట్లాడే మనిషిని నేను. ఇప్పుడు చెప్పబోయేది నా ఘనకార్యం.

మా చెల్లెలు నాకన్నా పదేళ్లు చిన్నది. కుప్పంలో ఇచ్చాం. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, పుంగనూరు ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. పుట్టగానే వేసే టీకాలన్నీ అక్కడే వేశారు. ఆ తర్వాత నెలన్నరకు వేసేది ముఖ్యమైన సూది, ఒక్క సూదిలో అయిదు జబ్బులకు మందు. సరిగ్గా ఆ బుధవారం తర్వాత వచ్చే ఆదివారం పాపను తొట్లో వేసే పండగ పెట్టుకున్నారు.

మంగళవారం మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. నేను పనిలో ఉన్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాను.

"అక్కా, నర్సమ్మ రేపు పాపను ఎత్తుకోని రమ్మంటాండాది. ఆదివారం పండగ గదా. మా అత్తేమో, సూదేస్తే జొరమొస్తాది, పండగైనాక ఏయించుకుందాం అంటాండాది. అమ్మేమో నన్నడగబాక అంటాండాది. నువ్వు ల్యాబ్‌లో ఉండావు గదా, నువ్వు సెప్పు."

నిజం చెప్పాలి. ఆ క్షణంలో నా కళ్ల ముందు ఉన్నది జబ్బులు కాదు, గౌను. మదనపల్లె పట్టు తీసుకుని, దగ్గరుండి, పాపకు ఎర్ర అంచు గౌను కుట్టించాను. చేతులకు చిన్న బుట్టలు, వెనక ముడి. ఫోటో తీసే మనిషిని కూడా నేనే మాట్లాడాను. జ్వరమొచ్చి, తొడ వాచి, పాప కుయ్యో మొర్రో అంటూంటే ఆ గౌను ఎవరు చూస్తారు?

"ఒక్క వారానికి కొంపేం మునగదు లేమ్మే. పండగ కానీయ్, వచ్చే బుధవారం ఏయిద్దాం" అన్నాను.

"సరేక్కా" అంది. అంతే. ఒక్కమాట ఎదురు అడగలేదు. ఇదే సలహా ఎదురింటి కోడలు ఎవరికైనా ఇచ్చుంటే నేను ఆమెను ఉతికి ఆరేసేదాన్ని.

ఆ రోజుల్లోనే నాకు దగ్గు పట్టుకుంది. ముందు జలుబు లాగా వచ్చింది, తర్వాత జలుబు పోయింది, దగ్గు ఉండిపోయింది. మార్కెట్ దారిలో దుమ్ము అనుకున్నాను. ఇంటి పక్కన మిరపకాయలు ఎండబెట్టారు, ఆ ఘాటు అనుకున్నాను. మా ల్యాబ్‌లో పెద్దాయన ఒకరున్నారు, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు, నోరు మాత్రం ఇంకా ఉద్యోగంలో చేరిన రోజులాగే ఉంటుంది. "ఏమ్మా, పేషెంట్లకు రాయల్టీ కడ్తాండావా? వాళ్ల దగ్గు నువ్వు దగ్గుతాండావే" అన్నారు.

పదిరోజులకు భయమేసింది. రోజూ క్షయ కఫాల మధ్యనే కదా నా బతుకు. పండగకు ముందు రోజు నా కఫం నేనే తీసి, నా డబ్బీ నేనే కట్టి, మిషన్‌లో పెట్టాను. రెండు గంటలూ తెర ముందు నుంచి లేవలేదు. తెర మీద 'లేదు' అని వచ్చింది. అబ్బ! ఎగిరి గంతేసినంత పని చేశాను. ల్యాబ్‌లో అందరికీ మైసూరు బోండాలు తెప్పించాను. పెద్దాయన మూడు తిన్నారు.

మిషన్ అబద్ధం చెప్పలేదు. నేను దాన్ని క్షయ ఉందా అని అడిగాను, లేదంది. ఈ దగ్గు ఏమిటి అని నేను అడగనేలేదు, అడిగినా చెప్పే మిషన్ కాదది. పద్దెనిమిదేళ్లు ఈ పని చేసినదానికి ఈ తేడా తెలియకుండా పోలేదు. తెలుసు. కానీ 'లేదు' అనే మాట చూడగానే ఏ జబ్బూ లేదన్నట్టే సంబరపడిపోయాను.

ఆదివారం పుట్టింట్లో పండగ బ్రహ్మాండంగా జరిగింది. కుప్పం నుంచి వ్యాను నిండా చుట్టాలు దిగారు. గౌను చూసి అందరూ యాడ కుట్టించినారు అని అడిగినవాళ్లే. నోట్లో యాలక్కాయ పెట్టుకుని దగ్గు ఆపుకుంటూ పాపను గంటసేపు ఒళ్లో పెట్టుకున్నాను. బుగ్గ మీద ముద్దు పెట్టాను, ఒకటి కాదు. ఫోటోల్లో అన్నిట్లో నేనే ఉన్నాను, పాప నా భుజం మీదే ఉంది.

రెండో బుధవారం చెల్లెలు కుప్పం బయలుదేరడానికి మంచిరోజైంది. ప్రయాణం రోజు సూదేమిటి అన్నారు. నాకు ఫోన్ చేసింది, సరే అక్కడ వేయించు అన్నాను. మూడో బుధవారం కుప్పంలో పాపకు ముక్కు కారుతోంది. ముక్కు కారుతుంటే సూది వద్దులే అని వాళ్ల అత్త అంది. చిన్న జలుబుకు సూది ఆపనక్కరలేదని నాకు తెలుసు. ఆరోజు కఫాలు ఎక్కువ ఉండి నేను ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం విషయం విన్నాక, "అయిపోయింది గదా, వచ్చే వారం తప్పకుండా ఏయించు" అన్నాను.

ఆ వచ్చే వారం రాకముందే, ఆదివారం పొద్దున్న ఫోన్ వచ్చింది. చెల్లెలు ఏడుస్తోంది.

"అక్కా, పాప దగ్గి దగ్గి నీలంగా అయిపోతాండాది. ఊపిరి తీసుకోవడంలే అక్కా, మల్లా తీసుకుంటాది, మల్లా నిల్చిపోతాది. ఏం సెయ్యాలక్కా?"

ఆసుపత్రికి పరిగెత్తు, ఇంకేమీ చూడొద్దు అని అరిచాను. చేతికి దొరికిన చీర కట్టుకుని నేను బస్టాండుకు పరిగెత్తాను. కుప్పం పోయే బస్సు నిండిపోయి ఉంది. పుంగనూరులో కొంతమంది దిగాక సీటు దొరికింది. కూర్చున్నానో లేదో దగ్గు తెర వచ్చింది. ఒకటి కాదు, వరసగా పది పన్నెండు దగ్గులు, మధ్యలో ఊపిరి పీల్చే సందు లేదు. కళ్లలో నీళ్లు, కడుపులో తిప్పు. కిటికీలోంచి తల బయట పెట్టి కక్కుకున్నాను. కండక్టరు, "అమ్మా, తల లోపల పెట్టు, లారీ వస్తాండాది" అంటున్నాడు.

పక్కన ఒక ముసలవ్వ కూర్చుని ఉంది. పలమనేరులో కూతురింటికి పోతోందట, ఒళ్లో అనపకాయల సంచీ. నా వైపు తేరిపార చూసింది.

"ఎన్నాళ్లాయమ్మా ఈ దగ్గు?"

"మూడు వారాలు దాటినాది అవ్వా."

"దగ్గినాక ఇట్లనే కక్కొస్తాదా?"

"ఈ నాలుగు దినాలుగా వస్తాంది."

"ఇంగ అడిగేదేముండాది. తెర ఐపోయినాక కుయ్‌మని ఊపిరి పీలుస్తాండావు సూడు, అది కోరింత దగ్గే. మా కాలంలో దీంతో ఎంతమంది బిడ్లు పోయినారో. నా నడిపి కొడుకు పోయింది దీంతోనే. పెద్దోళ్లను సంపదులే గానీ, సంటిబిడ్డల దగ్గిరికి మాత్రం పోబాక తల్లీ."

రెండు ప్రశ్నలు, ఒక చెవి, అంతే పట్టింది ఆ అవ్వకు. నేనింకా యాలకలు నములుతున్నాను. పుస్తకంలో చదివిన జబ్బే, పిల్లలకు ఆ అయిదు జబ్బుల సూది వేసి ఆపేదే, సూది బలం ఏళ్ల మీద తగ్గి పెద్దవాళ్లకూ వస్తుందని తెలిసినదే. నాకు వస్తుందని మాత్రం అనుకోలేదు. భుజం మీద పాప తల ఉన్న ఫోటో గుర్తొచ్చింది. ఆ బిడ్డకేమైనా అయితే దానికి నేనే కారణం. ఆ మాట ఇంకో విధంగా అనుకోవడానికి ఎంత వెతికినా దారి దొరకలేదు.

చెల్లెలి మొగుడికి ఫోన్ చేశాను. అప్పటికి వాళ్లు ఆసుపత్రి చేరారు.

"డాక్టరుకు ఇప్పుడే పోయి సెప్పప్పా. కోరింత దగ్గని అనుమానం, పాపకు అయిదు జబ్బుల సూది పడలేదు, దగ్గు మనిషి ఎత్తుకోని ఆడించినాది అని సెప్పు."

"దగ్గు మనిషా? ఎవురొదినా?"

"నేనే."

"సరే వదినా, సెప్తాను" అన్నాడు. మంచివాడు.

కుప్పంలో ఆ ఆసుపత్రి డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. నేను వరండాలో కనపడగానే ఒక మాస్కు చేతిలో పెట్టి, లోపలికి రావద్దని చెప్పింది. పాపకు ఆక్సిజన్ పెట్టారు. ఫలితం కోసం ఆగకుండా మందు కూడా మొదలుపెట్టేశారు. పాప ముక్కులోంచీ, నా ముక్కులోంచీ సన్నటి పుల్లతో నమూనా తీశారు. మాకు పంపిన పిల్లల నమూనాలు ఎన్ని చూశానో, ఆ పుల్ల అంత లోపలికి పోతుందని ఆరోజే తెలిసింది. ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో మా కంటే పెద్ద మిషన్ ఉంది. దగ్గు తెప్పించే సూక్ష్మజీవులను ఒకేసారి పోల్చి, గంట దాటేసరికి ఫలానాది అని చెప్పేస్తుంది.

ఆ గంట నేను ల్యాబ్ కిటికీ ముందు బల్ల మీద కూర్చున్నాను. అవతల కూర్చుని 'ఆగండమ్మా, టైము పడుతుంది' అనడం ఎంత సుఖమైన ఉద్యోగమో అప్పుడు అర్థమైంది. మూడుసార్లు లేచి, "ఐనాదాప్పా?" అని అడిగాను. ఆ అబ్బాయి మూడుసార్లూ ఓపికగా, "ఇంగా లేదక్కా" అన్నాడు. నేనైతే రెండోసారికే కసిరేదాన్ని.

రెండు చీటీలూ ఒకేసారి బయటికి వచ్చాయి. రెండింటి మీదా ఒకే పేరు: బోర్డెటెల్లా పెర్టుసిస్. కోరింత దగ్గు పురుగు, అవ్వ చెప్పిందే.

పాప తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఊపిరి రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ నర్సులు పాదం తట్టి, వీపు రుద్ది మళ్లీ తెప్పించారు. నేను అద్దం ఇవతల నుంచి చూశాను. ఇంట్లో అందరికీ మాత్రలు మింగించారు. వాటికోసం పల్లె నుంచి మా అమ్మను కూడా రప్పించారు. చెల్లెలి అత్త దిష్టి తీయాలని ఎండుమిరపకాయలు తెస్తే డాక్టరమ్మ వాటిని లాక్కుని, "అమ్మమ్మా, ఇక్కడ పొగ పెట్నావంటే నీకు పెడతాను ఆక్సిజను" అంది. ఆమె ఆ మిరపకాయల్ని కొంగున కట్టుకుని బయటికి పోయి, ఆసుపత్రి గేటుకే దిష్టి తీసి వచ్చింది.

మా అమ్మ నన్ను పెద్దగా ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం, వరండాలో సంగటి ముద్ద నా చేతిలో పెడుతూ, "గొర్రె దగ్గితే మందలోంచి ఈడ్సి పక్కన గట్టేస్తామే. ఆ పాటి గూడా తెలీకపాయనే నీకు" అంది. ఆ ముద్ద తిన్నాను, తినకపోతే ఇంకో మాట అంటుంది.

డాక్టరమ్మను నేనే అడిగాను, ఆ సూది సమయానికి పడుంటే ఇది వచ్చేది కాదా అని. ఆమె తప్పించుకోలేదు. "ఒక్క డోసుతో రాదని చెప్పలేం. కానీ ఇంత గట్టిగా కొట్టేది కాదేమో. ఆ 'ఏమో' కోసమే గదా నెలన్నరకే వేసేది" అంది. ఇదే మాట నేను మా ఊళ్లో ఎన్ని గడపల్లో చెప్పానో.

చెల్లెలు నాతో మాట్లాడింది. అన్నం తిన్నావా అంది, మాత్ర వేసుకున్నావా అంది. గౌను గురించి గానీ, ఆ మంగళవారం ఫోన్ గురించి గానీ ఎత్తలేదు. తిట్టుంటే బాగుండేదనిపించింది. మా ఇంట్లో కోపం వస్తే అరుచుకుంటాం, సాయంత్రానికి కలిసి కాఫీ తాగుతాం. ఆమె అరవలేదు. వాళ్ల అత్తా మామా 'పుట్టింటి ఊరి గాలి సోకింది' అంటే కూడా నోరు మెదపలేదు.

పాప తేరుకుంది. దగ్గు ఇంకా కొన్నాళ్లు ఉంటుందన్నారు, ఉంది కూడా, కానీ పాలు తాగుతోంది, నవ్వుతోంది. ఇక సూది వేయించవచ్చని డాక్టరమ్మ చెప్పాక, నేను సెలవు పెట్టి బుధవారం పొద్దున్నే కుప్పం వెళ్లాను. చెల్లెలూ, వాళ్ల అత్తా, పాపా, నేనూ టీకాల గదికి పోయాం. తల్లులందరూ బెంచీల మీద కూర్చున్నారు. మా వంతు వచ్చింది. పాప తొడ మీద సూది పడింది, కప్పు ఎగిరిపోయేట్టు ఏడ్చింది. ఆ గొంతు వింటుంటే ప్రాణం లేచి వచ్చినట్టుంది నాకు.

నర్సమ్మ ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తోంది. కార్డు తిప్పి చూసి, "నెలన్నరకు పడాల్సింది గదమ్మా ఇది. యాల లేటయ్యింది? కారణం రాయాల్ల" అంది.

చెల్లెలి అత్త వెంటనే అందుకుంది. "ఊర్లో లేము తల్లీ, పండగలూ పబ్బాలూ, ప్రయాణాలు..."

"కాదు" అన్నాను. "అక్కడి నర్సమ్మ రమ్మనే చెప్పింది. వద్దన్నది నేను."

నర్సమ్మ తలెత్తి చూసింది. "మీరెవురు?"

"పాపకు పెద్దమ్మను. మదనపల్లెలో ల్యాబ్‌లో పని చేస్తాను."

ఆమె చేతిలో ఫోన్ అట్లాగే ఉండిపోయింది. "ల్యాబ్‌లోనా? ఇన్ని తెలిసుండి మీరెట్లా వద్దన్నారమ్మా?"

ఏడుస్తున్న పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతూ మా చెల్లెలే చెప్పింది, నా వైపు చూడకుండా.

"ఆమెకన్నీ తెలుసనే గదమ్మా, నేను ఆమెను అడిగింది."